మెడలోని పసుపు పట్టీ

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్క సందులో సక్కుబాయి మటన్ దుకాణం నలభై ఏళ్లుగా ఉంది. ఆమె కత్తి ఎముకను కొట్టదు. కీలు ఎక్కడుందో వేలితో తడిమి, అక్కడే మొన దించి ఒక్క తిప్పు తిప్పితే కాలు ఊడి చేతికొస్తుంది. మెడలో ఐడీ కార్డులతో వచ్చి బోన్‌లెస్ అడిగేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. బొక్క లేని కూరకు రుచెక్కడిదండీ?

అంతటి మనిషికి ఆ మంగళవారం చెయ్యి ఆడలేదు. మనవరాలు యశస్విని ఫిజియోథెరపీ మొదటి ఏడాది. అనాటమీ నోటి పరీక్ష ఒకసారి తప్పింది, ఇవాళ కూడా తప్పితే ఏడాది పోయినట్టే. పుస్తకమంతా చదువుతుంది గానీ ఎదుట సారు కూర్చుంటే నోరు పెగలదు. పైగా మటన్ దుకాణం సంగతి కాలేజీలో ఎవరికీ తెలియనివ్వలేదు. "డాడీది బిజినెస్" అంటుందట. ఆ మాట విన్న రోజు సక్కుబాయి మనసు చివుక్కుమంది.

నిన్న మధ్యాహ్నం బేరం లేని వేళ పిల్ల పుస్తకం ముందేసుకుని ఏడుస్తూ కనబడింది.

"కనెక్టివ్ టిష్యూ రకాలు, నానమ్మా. ఒంటిని జోడించి పట్టుకునేటివి. ఎంత చదివినా మర్చిపోతున్న."

"గింతేనా? ఇటు రా బిడ్డా."

సక్కుబాయి చెక్క మొద్దు మీద పొట్టేలును పరిచింది. తోలుకూ కండకూ నడుమ సాలెగూడు లాంటి పొర చూపించింది. తర్వాత కొవ్వు, డెక్క పైన తెల్లటి తాడు, పక్కటెముక చివర మెత్తటి బొక్క, దాన్నంటిన గట్టి బొక్క. "నీ మడమ ఎనుక పట్టుకొని చూడు, గదే తాడు" అంది. పిల్ల ఒక్కోదానికి ఇంగ్లీషు పేరు చెబుతూ పోయింది. నెత్తురు కూడా ఈ జాతిదేనని చెబితే సక్కుబాయి నోరెళ్లబెట్టింది. నలభై ఏళ్లు కడిగి పారబోసింది మరి.

చివరికి పొట్టేలు మెడలోంచి పసుపు పట్టీ లాగి, అలవాటు కొద్దీ సందులో కుక్కకు విసరబోయింది.

"ఎందుకు పారేస్తున్నవ్?"

"కాళ్ల పాయల ఉండే తెల్ల తాడు పొద్దంతా ఉడికిస్తే జిగురైతది. ఇది మూడు దినాలైనా ఉడకది. గుంజి చూడు. తల వంచి మేసిన జీవాలు మళ్ల తల లేపేది దీనితోనే."

యశస్విని లాగి వదిలింది. చటుక్కున వెనక్కొచ్చింది. నవ్వుతూ పదిసార్లు లాగింది.

ఇవాళ పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది, ఫోన్ లేదు. కీమా అడిగినాయనకు లివర్ కట్టిచ్చింది సక్కుబాయి. "జర కూర్చో అమ్మా, నేను కొడత" అని కొడుకు ఓంకార్ కత్తి లాక్కున్నాడు. అప్పుడే తెల్లకోటుతో పిల్ల సందులోకి పరుగెత్తుకొచ్చింది.

"మన వెన్నుల బాగా సాగే లిగమెంట్ ఉందా అని అడిగిండు సార్. నోరు ఆగిపోయింది. గప్పుడు నీ పసుపు పట్టీ యాదికొచ్చింది నానమ్మా. వెన్నుపూసల నడుమ పసుపుది ఉంటది, వంగితే సాగుతది, లేస్తే ఎనుకకొస్తది అన్న. తెల్లదానికీ దీనికీ తేడా ఏంది అన్నడు. తెల్లది ఉడికిస్తే జిగురైతది, ఇది ఉడకది అన్న. ఏ పుస్తకంల ఉంది గీ మాట అన్నడు."

సక్కుబాయి ముందుకు వంగింది. "ఏం చెప్పినవ్?"

"కొత్తగూడల మాది మటన్ దుకాణం, మా నానమ్మ చెప్పింది అన్న. మా క్లాసోళ్లు అందరూ ఉన్నరు అక్కడ."

ముసలిది పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "పాసైనవా?" అంది.

"అయిన. క్లాసుల చూపించనీకి గా పట్టీ ఒకటి తెమ్మన్నడు సార్."

సక్కుబాయి కొంగుతో కళ్లొత్తుకుని కొడుకు చేతిలో కత్తి తీసుకుంది. పట్టీని ఎక్కడా తెగకుండా తీసి, కడిగి, స్టీలు డబ్బాలో పెట్టింది. మెట్టు దగ్గర కుక్క రోజూలాగే తోకాడిస్తూ చూస్తోంది.

"ఇయ్యాల నీకు లేదు, పో" అంది సక్కుబాయి. "గిది కాలేజీకి పోతది."