సగంలో ఆగిన క్రాష్ డంప్

పెరంబూరులోని ఒక ఆసుపత్రిలో, గుండెజబ్బుల వార్డు రోగులందరి గుండె లయనూ ఒకే తెరపై చూపించే సర్వర్ ఈ ఉదయం మూడోసారి కుప్పకూలింది. కూలిన క్షణంలో మెమరీలో ఏముందో డిస్కులో రాసిపెట్టే క్రాష్ డంప్ దొరికితేనే నాకు కారణం తెలుస్తుంది. ఆ సర్వర్‌ను బాగుచేసే పని నాది; నేను వెళ్ళేసరికి నర్సు పవర్ బటన్ నొక్కి మళ్ళీ ఆన్ చేసేసింది. డంప్ సగంలోనే ఆగిపోయింది.

"పది నిమిషాలు ఆగుంటే కారణం దొరికేది కదా సిస్టర్!" అని విసుక్కున్నాను.

"ఎనిమిది మంది గుండె ఎట్లుందో తెలీకుండా, నీ ఫైలు రాసుకునేదాకా నేనీడ చూస్తా నిలబడాల్నా తంబీ?" అందామె.

ఇకపై కూలితే డంప్ తీయకుండా వెంటనే రీస్టార్ట్ అయ్యేలా మార్చి వచ్చేశాను. అది మళ్ళీ కూలుతుంది. ఎందుకో మాత్రం ఇక తెలియదు. నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?