మొద్దుబారని కత్తెర

తన కత్తెరకు సాన అక్కర్లేదని, అదంతా తన చేతి చలవేనని దర్జీ పన్నెండేళ్లుగా వీధంతా కోతలు కోస్తూ వచ్చాడు. పక్క కొట్లో చెప్పులు కుట్టే స్నేహితుణ్ణి రోజూ ఆటపట్టించేవాడు: "పొద్దస్తమానం ఆ కత్తి నూరుతూనే ఉంటావేం బావా? నా కత్తెర చూడు!" అతను నవ్వి ఊరుకునేవాడు.

ఆ స్నేహితుడు జ్వరంతో మంచమెక్కిన పదో రోజుకి కత్తెర గుడ్డను నమలసాగింది. అతణ్ణి చూడటానికి వెళ్లిన దర్జీ ఆ సంగతే చెప్పుకుని వాపోయాడు.

"మీరు భోజనానికెళ్లినప్పుడు ఈయనే నూరిపెట్టేవారు అన్నయ్యా," అంది స్నేహితుడి భార్య.

"నువ్వూరుకో! చేతి చలవ నీదే బావా. నేను రాయి మీద రుద్దానంతే," అన్నాడు స్నేహితుడు.

దర్జీ తలెత్తలేకపోయాడు. మంచం కింద సరిగ్గానే ఉన్న చెప్పుల జతను చాలాసేపు సర్దుతూ కూర్చున్నాడు.