ఎంటర్ నొక్కే ముందు

మొన్న మా ఆఫీసు స్టోర్‌రూములో ఒక పాత కంప్యూటరుకు ప్లగ్గు పెట్టగానే, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసన నన్ను వనపర్తికి, మా కాలేజీ ల్యాబుకు, విజయ మేడం పక్కన స్టూలు మీదికి తీసుకుపోయింది.

మేడం మాకు కంప్యూటర్ లెక్చరర్, గద్వాల ఆవిడ. నేను గోపాల్‌పేట నుంచి బస్సులో వచ్చిపోయే ల్యాబ్ అసిస్టెంటును. ఏదో కంపెనీ వద్దనుకుని మాకిచ్చిన వర్క్‌స్టేషన్ ఒకటి మూలన ఉండేది. దాని కొద్దిపాటి మెమరీకి మామూలు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ బరువైపోయింది. మేడం నెట్‌లో ఒక ప్రయోగం వెతికి పట్టుకొచ్చారు. మిషనును నడిపే లోపలి కెర్నల్ లినక్స్‌దే, దాని పైన రోజూ వాడే కమాండ్లన్నీ ఎవరో తక్కువ మెమరీ చాలేలా మళ్లీ రాస్తున్నారు. పనిచేస్తాయో లేదో రాసినవాళ్లకే నమ్మకం లేదు. మేడంకు ఆ మాటే తెగ నచ్చింది. పిల్లలకు లినక్స్ చూపించడానికి మాకున్నది ఆ మిషనొక్కటే. శుక్రవారానికి నడవకపోతే పాత సామాన్ల వాడికి ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ తేల్చేశారు.

ఆవిడకొక పట్టింపు. ఎంటర్ నొక్కే ముందు ఏం జరుగుతుందో పైకి చెప్పాలి.

"తెల్వదు మేడం" అంటే ఊరుకునేవారు కాదు.

"తెల్వకుంటే అందాజుగ చెప్పు శ్యామలా. తప్పైతే ఏం పోతది? తప్పైన కాడనే మనకు పని దొరుకుతది."

నాకు ఒళ్లు మండేది. నోరు తెరిచి తప్పు చెప్పేకన్నా గప్‌చుప్‌గా నొక్కేయడం సుఖం కదా.

ఆ కమాండ్లన్నిటినీ ఆ మిషను మీదే కంపైల్ చేయాలి, అంటే రాసిన ప్రోగ్రాములను ఒక్కో ఫైలుగా మిషను భాషలోకి మార్చాలి. ఎంతసేపు నడిపినా పూర్తి కావడం లేదు. గురువారం కరెంటు పోయి వచ్చాక మేడం అడిగారు, "ఇప్పుడేమైతది?"

"పొద్దున అయినవి ఇడిసిపెట్టి, మిగిలినయి చేస్తది మేడం."

నొక్కాను. మొదటి ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మేడం మాత్రం హుషారుగా కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"తప్పైంది గదా, ఇగ దొరికింది. జర దాన్ని తారీఖు అడుగు."

అడిగితే నేను పుట్టకముందటి సంవత్సరం చూపించింది. లోపలి బ్యాటరీ చచ్చిపోయి, కరెంటు పోయినప్పుడల్లా దాని గడియారం వెనక్కి పోతోంది. అప్పుడే తయారైన ఫైళ్ల మీద కూడా ఆ పాత తారీఖే పడడంతో, అవి ఏనాటివో అనుకుని, పాపం, అన్నిటినీ మళ్లీ చేసుకొస్తోంది. మేడం తన చేతి గడియారం విప్పి మానిటర్ మీద పెట్టారు. కరెంటు వచ్చినప్పుడల్లా దాన్ని చూసి టైం సరిచేయడం నా పనైంది. ఇక పని ఆగిన చోటి నుంచే ముందుకు సాగింది.

శుక్రవారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కొత్త కమాండ్లతో మిషను లేచింది. ఫైళ్ల పేర్లు చూపించమని టైపు చేసి ఆగాను.

"ఏమైతది?" అన్నారు మేడం.

"ఆగిపోతది మేడం" అని భయంభయంగా నొక్కాను. పేర్లు తెర నిండా వరసగా దిగాయి.

"మల్ల తప్పు చెప్పినవ్" అంటూ మేడం నా వీపు చరిచి, ప్రిన్సిపాల్ ముందే పకపకా నవ్వారు. మిషను ల్యాబులోనే ఉండిపోయింది. నా జీవితంలో ఓడిపోయి అంత సంతోషపడింది లేదు.

ఇప్పుడు మా ఆఫీసు పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటారు, ఎంటర్ ముందు తనలో తాను మాట్లాడుకుంటుందని. నవ్వుకోనీ. మొన్న స్టోర్‌రూములో కూడా ఆ పాత కంప్యూటరు ముందు కూర్చుని, "ఇది లేవదు" అని గట్టిగా చెప్పాను. నా మాట తప్పు కావాలని మనసారా కోరుకుంటూ నొక్కాను.