మేస్త్రి ఆఖరి బిగింపు

మొన్న కంబదూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోతుంటే కాలిన ఇంజను ఆయిల్ వాసన గుప్పుమంది. ముందు సీట్లో ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కండక్టరు తనకేమీ పట్టనట్టు టికెట్లు కొట్టుకుంటున్నాడు. బయట ఎటు చూసినా విత్తనం పడని ఎర్రనేలలు, దుమ్ము పట్టిన కంపచెట్లు. వేడెక్కిన సైలెన్సరు మీద ఎక్కడో నూనె చుక్కచుక్కగా పడుతోందని నాకు అర్థమైంది. "డీజిల్ వాసనప్పా" అన్నాడు పక్కనున్న పెద్దాయన. కాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ వాసన తగిలితే నాకు యేసోబు మేస్త్రి గుర్తుకొస్తాడు. ఆయన గుర్తుకొచ్చిన రోజు నాకు ఇంక మనసు బాగుండదు.

అనంతపురం దాటి గుత్తి రోడ్డు మీద ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. లారీ ఇంజన్లు విప్పి కొత్తగా కట్టడం ఆయన పని. నేను అక్కడికి చేరేనాటికి పెళ్లయి ఇద్దరు బిడ్డల తండ్రిని. మాది శింగనమల పక్క ఊరు. అక్కడి పెద్ద చెరువు పేరు చెబితే అందరూ మా ఊళ్లో నీళ్లకేం కొదవ అనుకుంటారు గానీ, మా చేను ఆ చెరువు నీళ్లు ఏనాడూ ఎక్కని మిట్ట మీద ఉంది. బోర్లు వేసి వేసి విసిగిపోయి, వరుసగా శెనక్కాయ పంటలు ఎండిపోయాక, ఏ పని దొరికితే ఆ పని చేద్దామని బయలుదేరినవాణ్ణి.

"ఏం పని వచ్చప్పా నీకు?" అని అడిగాడు మేస్త్రి మొదటిరోజు, తల ఎత్తకుండానే.

"సేద్యం తప్ప ఏమీ రాదు సామీ."

"ఈ సీమలో సేద్యం చేసినోనికి ఓపిక ఉంటాది. అది చాలు. సామీ గీమీ అనద్దు, మేస్త్రీ అను."

ఆ ఓపిక సంగతేమో గానీ, ఆ వారంలోనే ఒక బోల్టు తల తెంచేశాను. చేతిలో బలముంది కదా అని బిగించుకుంటూ పోయాను. ఆయన వచ్చి తెగిన ముక్కను చూసి నవ్వాడు. "ఏం రైతా, శెనక్కాయ బండికి మోకు బిగిస్తాండావా? గొంతు పిసికితే అదేం చేస్తాది, సచ్చిపోతాది." అప్పటినుంచి నా పేరు ఆయన నోట్లో రైతే. స్పానరును కొసన కాకుండా దగ్గరగా, రెండు వేళ్లు, బొటనవేలు మాత్రమే ఆనించి పట్టుకోవడం ఆయనే నేర్పాడు. "బోల్టు చాలంటాది. చాలన్న కాడ ఆపల్ల. ఆ మాట చెవికి ఇనపడదు, వేలికి ఇనపడతాది" అనేవాడు. నాకు ఆ మాట వినపడటానికి చాలా కాలం పట్టింది.

లారీ ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని మేము ఆయిల్ ఛాంబర్ అంటాం. దానికీ ఇంజనుకూ నడుమ నూనె కారకుండా బెండులాంటి కార్కు ప్యాకింగ్, అంచు చుట్టూ చిన్న బోల్టులు. బిగువు తగ్గితే నూనె కారుతుంది. బిగువు మించితే ప్యాకింగ్ నలిగి, రేకు అంచు వంగి, ముందుకంటే ఎక్కువ కారుతుంది. కొత్తవాళ్లు కారేకొద్దీ బిగిస్తారు, బిగించేకొద్దీ కారుతుంది, చివరికి ఎవరో ఒకరిని తిట్టుకుంటూ మా షెడ్డుకు వస్తారు. మేస్త్రి మొదట ఆ ఇంజనుకు శుభ్రంగా కిరసనాయిలుతో స్నానం చేయించేవాడు. ఆరాక ముగ్గుపిండి చల్లి ఇంజను స్టార్టు చేయించేవాడు. పొడిపిండి మీద నూనె ఎక్కణ్ణుంచి గీత గీసుకుంటూ వస్తోందో తెలిసిపోయేది. "ఇంటి ముందర ముగ్గెయ్యనోనివి ఇంజనుకేస్తాండావే మేస్త్రీ" అని లారీవాళ్లు ఆయన్ను ఆటపట్టించేవాళ్లు. "ఏసుప్రభువు ఒప్పుకున్నాడులే, మీ పని చూసుకోండి" అనేవాడు. పిండి చల్లాక కింద పడుకుని చూసే పని నాది. మొదట్లో సరిగ్గా కనపడకపోయినా ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణి. ఒకసారి అది పట్టుకుని గట్టిగా కోప్పడ్డాడు. "కింద పండుకున్నోడే పైనున్నోనికి కన్ను. నువ్వు చూడంది చెప్తే మనిద్దరమూ గుడ్డోళ్లమే."

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఇంజను ఎవరు కట్టినా, ఛాంబర్ బోల్టుల ఆఖరి బిగింపు మాత్రం మేస్త్రి చేత్తోనే జరగాలి. ఆయన పెట్టిన పద్ధతి కాదది, లారీవాళ్లు పట్టుబట్టి పెట్టించింది. డాక్టరుకు హస్తవాసి ఉన్నట్టే ఆయన చేతికీ ఉందని వాళ్ల నమ్మకం. ఆయన చెయ్యి పడిన బండి నడిదోవలో నిలబడదని అనుకునేవాళ్లు. మేము అంతా బిగించి పక్కకు జరిగాక ఆయన కిందికి దూరి, కళ్లు మూసుకుని, ఒక్కొక్క బోల్టునూ వేళ్లతో పలకరించి వచ్చేవాడు. లారీ ఓనర్లు చెప్పులు విడిచి నిలబడేవాళ్లు. అది చూస్తే నాకు నవ్వొచ్చేది గానీ, నిజానికి ఆయన బిగించిన ఛాంబర్ కారగా నేను చూడలేదు.

షుగరు జబ్బు ఆయనకు ఎప్పటినుంచి ఉందో నాకు తెలియదు. నడుస్తుంటే కాలి చెప్పు జారి వెనక పడిపోయేది, ఆయన అలాగే ముందుకు పోయేవాడు. ఎవరో తెచ్చిస్తే "ఓ, పడిందా" అనేవాడు. ఒక మధ్యాహ్నం ఇంజను ఆపిన కాసేపటికి సైలెన్సరు మీద చెయ్యి ఆనించి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చర్మం కమురు వాసన నాకే ముందు తగిలింది. "మేస్త్రీ, చెయ్యి!" అని అరిచాను. ఆయన నెమ్మదిగా తీసి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "గ్రీసు ఉన్నింది లే, తెలీల్యా" అన్నాడు. నేను నమ్మినట్టు తల ఊపాను. ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం, ఆయన వేళ్లకు బోల్టు మాట ఇంకా వినపడుతోందా లేదా అని.

కంబదూరు నుంచి తిప్పేస్వామి అనే ఆయన లారీ తెచ్చాడు. ఎండాకాలం దాని మీద ట్యాంకు పెట్టి పల్లెలకు నీళ్లు తోలేవాడు. ఇంజను మొత్తం విప్పి కట్టాం. ఆఖరి బిగింపు మేస్త్రి చేశాడు. వారం తిరగకుండానే ఆ లారీ నూనె కార్చుకుంటూ వెనక్కి వచ్చింది. "బిందెలు పెట్టుకోని ఆడోళ్లు రోడ్ల మీద కాసుకోనుండారు మేస్త్రీ, తొందరగా చూడు" అన్నాడు తిప్పేస్వామి. ఆయన ఫోను మోగుతూనే ఉంది.

కడిగి, పిండి చల్లి చూస్తే తడి ఛాంబర్ అంచు నుంచే దిగుతోంది. నూనె తీసేసి ఛాంబర్ దించాను. మేస్త్రి బండి ముందు చక్రం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నేను లారీ కిందే పడుకుని అంచు మీద వేలు పెట్టి చూశాను. ప్రతి బోల్టు రంధ్రం దగ్గరా రేకు చిన్న గుంటలా లోపలికి వంగింది. ప్యాకింగ్ నలిగి చీలిపోయింది.

"ఏం కనపడతాండాది రైతా?" అని పైనుంచి అడిగాడు మేస్త్రి.

ప్యాకింగ్ మంచిది కాదని చెప్పేయొచ్చు. తిప్పేస్వామి పోయి అంగడివాణ్ణి తిట్టేవాడు, మేస్త్రి పేరు నిలిచేది. ఆ తర్వాత ఇంకో లారీ, దానికీ అదే చెయ్యి. నాకు కూడు పెట్టిన మనిషి పరువు నా నాలుక చివర ఉంది.

"అంచు వంగింది మేస్త్రీ. బిగువెక్కువైంది" అన్నాను.

"యాడ?"

"అన్ని కాడా."

ఎవరు బిగించారని ఆయన అడగలేదు. నేను బయటికి వచ్చి చూసేసరికి కుడిచెయ్యి ముఖం ముందు పెట్టుకుని, బొటనవేలితో మిగతా వేళ్లను రుద్దుకుంటున్నాడు. ఏదో మర్చిపోయినవాడిలా ఉన్నాడు. తర్వాత మామూలు గొంతుతోనే, అంచు కింద కట్టె పెట్టి గుంటలను సుత్తితో మెల్లగా తట్టమన్నాడు, అద్దం పలక మీద పెట్టి చదునైందో లేదో చూడమన్నాడు. కొత్త ప్యాకింగ్ వేసి ఛాంబర్ ఎక్కించాక నేను అలవాటుగా పక్కకు జరిగాను.

"ఆఖరి బిగింపు నువ్వే బిగించు" అన్నాడు.

తిప్పేస్వామి కంగారుపడ్డాడు. "అదేంది మేస్త్రీ! నీ చెయ్యి పడకుండా బండి ఎట్ల ఎత్తుకపోయేది? ఒగ తూరి అట్ల ముట్టుకో, చాలు."

"తిప్పేసామీ, నీ బండి కారింది ఆ చెయ్యి పడే కదప్పా" అన్నాడు మేస్త్రి.

నేను కిందికి దూరి బిగించాను. కళ్లలో నీళ్లు తిరిగి బోల్టులు సరిగ్గా కనపడలేదు, వేళ్లతోనే వెతుక్కున్నాను. ఆ లారీ మళ్లీ కారలేదు. మేస్త్రి మళ్లీ స్పానరు పట్టలేదు. కొన్నాళ్లు వచ్చి స్టూలు మీద కూర్చుని పోయేవాడు, తర్వాత రావడం తగ్గించాడు. కాలికి పుండు లేచింది. ఆస్పత్రిలో ఆ కాలు తీసేశారు. అయినా మనిషి దక్కలేదు. సమాధుల తోటలో నేల ఎంత ఎండిపోయి ఉందంటే గడ్డపార దిగక గుంట తవ్వేవాళ్లు అలిసిపోయారు. ఆ రోజే ఆయన భార్య మార్తమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"ఆ పొద్దు ఇంటికొచ్చి చెప్పినాడు నాయనా. రైతు దాచకుండా చెప్పినాడే, అని సంతోషపడినాడు. అన్నం మాత్రం తినల్యా" అంది.

నేను చేసింది తప్పని ఏ రోజూ అనుకోలేదు. అయినా ఆ తినని అన్నం మాత్రం ఇప్పటికీ నాకు అడ్డం పడుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ షెడ్డు నేనే నడుపుతున్నాను. నా హస్తవాసి మంచిదని లారీవాళ్లు ఆఖరి బిగింపు నా చేతే చేయించుకుంటున్నారు. షుగరు నాకూ వచ్చింది. డాక్టరు ఆ మాట చెప్పిన రోజే, నా దగ్గర ఎప్పటినుంచో పనిచేస్తున్న ఓబులేసుతో చెప్పాను, నా బిగింపు చెడిన రోజు దాచకుండా చెప్పమని. "నీ చేతికేమైతాదన్నా" అని కొట్టిపారేశాడు.

నిన్న నేను బిగించిన లారీ ఒకటి నూనె కార్చుకుంటూ తిరిగొచ్చింది. ఓబులేసు కింద పడుకుని ఛాంబర్ దించాడు. ఏం కనపడుతోందని అడిగాను. వాడి వేలు అంచు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ప్యాకింగే మంచిది కాదన్నా" అన్నాడు చివరికి.

ఆ ప్యాకింగ్ మంచిది చూసి ఏరి తెచ్చింది నేనే. వాడికి నా మీద ఎంత ప్రేముందో ఆ ఒక్క అబద్ధంతో తెలిసింది. స్పానరు కిందికి అందించి, ఆఖరి బిగింపు నువ్వే బిగించమని వాడికి చెప్పాలనుకున్నాను. నాలుగు ముక్కల మాట అది, స్పానరును రెండుసార్లు తుడిచాక గానీ అనలేకపోయాను. మేస్త్రి ఆ రోజు అంత మామూలుగా ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.