పోలమ పచళు

మత్తయి గారికి ఒక్కటే జబ్బు: కనబడిందల్లా కనబడినట్టే పైకి చదవడం. లేని ఒత్తును ఆయన నోరు దయతలిచైనా పలకదు. గుడివాడ బస్టాండు ఎదుట మేడమీద, వెబ్‌పేజీలు కట్టే ఆయన కొట్లో పనిచేసిన రోజులు తలుచుకుంటే, రోజాకు ఇప్పటికీ ముందు వినబడేది ఆ గొంతే. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు అది. మిగిలిన ఆరు రోజులూ ఊరికే ఉండలేక పేజీల మీద పడేది.

రోజా కట్టిన మొదటి పేజీ నాగాయలంక పోలమ్మది. మర్నాడు బందరు ప్రదర్శనలో పోలమ్మ తన రొయ్యల పచ్చడితోపాటు ఆ పేజీనీ నలుగురికీ చూపించుకోవాలి. ఆవిడ బస్సు దిగి వచ్చి కూర్చుంది. మత్తయి గారు ఆ పేజీ తెరిచిన ఫోన్ అందుకుని గొంతు సవరించుకున్నారు.

"పోలమ పచళు!"

కింద టీకొట్టువాళ్ళు తలెత్తి చూశారు.

"అదేంటి సార్, ఒత్తులు పెట్టానుగా!" అంది రోజా.

"పెట్టావమ్మా. లైన్ హైట్, అదే వరుస ఎత్తు, మాత్రం ఇంగ్లీషు అక్షరాలకి కొలిచావు. మనవాటికి కింద ఒత్తుల కాళ్ళుంటాయి. చెప్పు బిగుతైందని కాలు కోసుకుంటామా?"

రోజా లైన్ హైట్ పెంచింది. వరుస పెట్టె దాటినదాన్నల్లా దాచెయ్యమని పేజీకి ఇచ్చిన ఆజ్ఞ తీసేసింది. ఒత్తులు బతికి బయటపడ్డాయి.

"ఆర్..." అని ఆగిపోయారు మత్తయి గారు. ఆర్డర్ బటన్ సగం స్క్రీను అవతలికి జారిపోయింది. "కంప్యూటర్ కొలతలు పెట్టి ఫోన్లో దూరమంటే ఎలా తల్లీ? వెడల్పు నూటికి నూరు పెట్టు. గుడ్లవల్లేరు బస్సులో జనంలా ఉన్నచోట్లోనే సర్దుకుంటుంది."

సర్దుకుంది. రోజా ఫోన్ పోలమ్మ చేతికిచ్చింది. "చూసి సరేనంటే నెట్‌లో పెట్టేస్తాను పిన్నిగారూ."

"ముత్యాల్లా ఉన్నాయమ్మా అక్షరాలు. కానివ్వు," అంది పోలమ్మ.

ఫోన్ తలకిందులుగా ఉంది.

రోజా నోరు తెరిచేలోపు మత్తయి గారు ఫోన్ లాక్కున్నారు. "ఉండు చెల్లెమ్మా, నా జబ్బింకా తీరలేదు." మళ్ళీ మొదటినుంచీ అందుకున్నారు, ఈసారి తాపీగా, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. "ఎండు రొయ్యలతో పట్టిన..."

"ఎండువేంటన్నయ్యగారూ!" పోలమ్మ లేచి నిలబడింది. "పచ్చి రొయ్యలండీ! ఎండువని రాస్తే రేపు మా దివిసీమలో తలెత్తుకోగలనా?"

రోజా నాలిక కరుచుకుని మార్చింది. పేజీ ఎక్కింది. మెట్లు దిగుతూ పోలమ్మ రోజా చెవిలో జాలిపడింది: "బంగారంలాంటి మనిషి. ఆ చదువుడు పిచ్చొక్కటీ లేకపోతేనా!"

ఆ కొట్టుకొచ్చినవాళ్ళెవరూ తమకు చదువు రాదని అనగా రోజా ఎన్నడూ వినలేదు. అనే అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు మరి. ఆ రోజు పోలమ్మను సాగనంపి పైకెళ్ళి, "సార్, ఒత్తులు సరయ్యాక కూడా ఎందుకు చదివారో నాకు తెలిసిపోయింది," అంది.

మత్తయి గారు కంగారుగా మెట్లవైపు చూశారు.

"మెల్లిగా అనవే తల్లీ! ఎవరైనా అడిగితే పిచ్చనే చెప్పు."