ఆశ ఉందా అని జపనీస్‌లో అడిగిన రోజు

ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయం ఆ రోజుల్లో నా చేత చేయించని పని లేదు, చివరికి జపనీస్ కూడా నేర్పించింది. అప్పటికి నాకు ముప్పై నిండలేదు కానీ, నా తెలివి మీద నాకు గట్టి నమ్మకం. ఈ పరాయి దేశంలో, రాఫెల్స్ ప్లేస్ అనే ఆఫీసుల పేటలో ఒక జపాన్ కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. మా మేనేజరు గారు ఏది అడిగినా ముందు పళ్ల సందుల్లోంచి గాలి పీల్చి 'స్స్' అనేవారు. అందుకని నేనూ మా ఆవిడా ఆయనకు ఆవకాయ గారని పేరు పెట్టుకున్నాం. ఆ 'స్స్' అంటే కుదరదని ఆఫీసులో అందరికీ తెలుసు. నోటితో కాదని చెప్పడం ఆయన ఇంటా వంటా లేదు. ("చూద్దాం లెండి" అనే మన పెద్దమనుషులకు ఆయన దూరపు చుట్టం అయ్యుండాలి.)

ఆ ఏడాది సగం మందిని తీసేస్తున్నారని పుకారు పుట్టింది. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే పాసు పోతుంది, నెల రోజుల్లో దేశం వదలాలి. మా ఆవిడకు ఏడో నెల. విమానం ఎక్కితే బిడ్డకు ప్రమాదమని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చేవాళ్లం. "ఇలా కుమిలిపోయే బదులు ఆయన్నే అడగొచ్చు కదండీ," అంది ఓ రోజు. "ఇంగ్లీష్‌లో అడిగితే ఆఫీసు ఆన్సర్ చెప్తాడే. వాళ్ల భాషలో అడిగితే మనసులో మాట చెప్తాడు," అన్నాను. "మీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది.

ఫోనులో వెతికితే ఆశకు 'కిబో' అని దొరికింది. పాయా లేబర్ స్టేషన్లో రైలెక్కింది మొదలు దిగేదాకా "కిబో వా అరిమాస్ కా", అంటే ఆశ ఉందా, అని వారం రోజులు జపం చేశాను. పక్క సీటులోని ఆంటీ ఒకావిడ లేచి దూరంగా వెళ్లి నిలబడింది. సోమవారం పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లి, నడుము పట్టేసేంతగా వంగి, అడిగేశాను. ఆయన 'స్స్' అన్నారు. ఆ తర్వాత "అరిమాస్" అన్నారు. ఉందట! ఆ 'స్స్' ఎంత పొడుగ్గా సాగిందో విన్నాను. వినీ, నాకు కావలసిన మాటనే పట్టుకున్నాను. ఫోను చేసి "ఉందన్నాడే!" అంటే మా ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ సాయంత్రమే ఉయ్యాల కొన్నాం.

గురువారం నన్ను తీసేస్తూ ఉత్తరం వచ్చింది. లిఫ్టు దగ్గర ఆయన కనిపించారు, చేతిలో అట్టపెట్టెతో. ఆయన్నీ తీసేశారు. నా పేరున్న జాబితా, తన పేరున్న జాబితా, రెండూ ఆయనకు ముందే తెలుసట. ఒళ్లు మండిపోయి, "మరి ఉందని ఎందుకన్నారు?" అని ఇంగ్లీష్‌లోనే నిలదీశాను. "మూడేళ్లలో మీరు మా భాషలో అడిగిన మొదటి ప్రశ్న అది. దానికి లేదని చెప్పడం నాకు చేతకాలేదు," అని, క్షమించమంటూ పెట్టెతో సహా వంగారు. పెన్నులన్నీ జారి కింద పడ్డాయి. ఉద్యోగాలు లేని ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని వాటిని ఏరుకున్నాం.

గడువు బతిమాలి పొడిగించుకున్నాం, పాప ఇక్కడే పుట్టింది. ఆ వంగుడూ ఆ జపమూ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పటి నాలోని కుర్రాడి మీద జాలీ వేస్తుంది. ఆవకాయ గారు చెప్పింది పచ్చి అబద్ధమే. కానీ సోమవారం నుంచి గురువారం దాకా మా ఆవిడ కడుపునిండా అన్నం తింది.