మామ కారు ఏ దేశానిది

మైదుకూరులో వర్తక సంఘం పంచిన కరపత్రంలో కార్ల జాబితా తయారుచేసింది నేను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. సబ్బుల జాబితా, పళ్ళపొడుల జాబితా హైదరాబాదులోని పెద్ద సంఘం నుంచి వచ్చాయి. కార్లది మాత్రం నేను సొంతంగా రాసింది. ఏదీ దాచకుండా రాసుకునే డైరీలో కూడా ఆ రోజు "నాయనకు కాగితాలు రాసిచ్చాను" అని ఒక్క ముక్క రాసి మూసేశాను.

అది రెండువేల ఏడో సంవత్సరం. పెద్ద కంపెనీలు ఊరూరా సరుకుల దుకాణాలు పెడతాయనీ, వాటి వెనక విదేశాల వాళ్ళు వస్తారనీ వర్తకులంతా భయపడుతున్న రోజులు. మాది నాలుగు రోడ్ల కూడలిలో కిరాణా అంగడి, పైన మిద్దె మీద ఇల్లు. నాయన సంఘానికి కార్యదర్శి. కడప కలెక్టరాఫీసు దాకా వాహనాల్లో ఊరేగింపుగా వెళ్ళాలని, దానికి ముందు ఊరంతా కరపత్రాలు పంచాలని సంఘం అనుకుంది. కరపత్రంలో రెండు వరుసలు. ఒకటి మన దేశపు సరుకులు, రెండోది పరదేశపు సరుకులు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, ప్రెస్సుకు ఇవ్వడానికి శుభ్రంగా ఎత్తిరాయమని నాయన హైదరాబాదు నుంచి వచ్చిన కాగితాలు నాకిచ్చాడు.

"కార్లు గూడా చేర్చు పాపా. బండ్లల్లోనే పోతాండాం గదా, ఎవడన్నా అడుగుతాడు. దాంట్లోనే యాడో ఉంటాదిలే, సూడు," అన్నాడు.

అందులో లేదు. కాగితాలన్నీ రెండుసార్లు తిప్పి చూశాను. లేదని చెప్పడానికి కిందికి దిగితే అంగట్లో బెంచీ మీద సంఘం వాళ్ళు ఆరేడుగురు కూర్చుని ఉన్నారు. వచ్చిన పని మంచినీళ్ళు పెట్టడమే అన్నట్టు మూలనున్న చెంబు వాళ్ళ ముందు పెట్టి తిరిగొచ్చేశాను. నాయన మాత్రం జాబితా ఉందనే అనుకున్నాడు.

మర్నాడు కడపలో మా కాలేజీ లైబ్రరీలో పాత పేపర్ల కట్టలు విప్పుకుని కూర్చున్నాను. కారు ఏ దేశానిదంటే ఒక దేశం పేరు దొరుకుతుంది, రాసుకుని వచ్చేయవచ్చు అనుకున్నాను. మా ఊళ్ళో తిరిగే కార్లు నాలుగైదు రకాలే. మధ్యాహ్నం దాకా చదివినా ఒక్కటీ తేలలేదు.

నాయన కారు తెల్లది. దాని వెనక రెండు పేర్లుంటాయి, ఒకటి మనది, ఒకటి జపానుది. ఊళ్ళో అందరూ దాన్ని మన కారనే అంటారు. పేపర్లో మాత్రం మన ప్రభుత్వం వాటాలు అమ్ముతూ వచ్చిందనీ, పెత్తనం జపాను కంపెనీ చేతికి పోయిందనీ ఉంది. ఊరేగింపులో మొదటి బండి అదే. పూర్తిగా మన వాళ్ళదే అయిన కంపెనీ కారు ఇంకొకటి ఉంది. దాని బొమ్మ గీసింది ఇటలీలోనట.

ఇక మిగిలింది బట్టలంగడి మామ కారు. మామ అంటే చుట్టరికం లేదు. మా అంగడికి ఎదురంగడి ఆయనది, నాయనకు స్నేహితుడు. ఆయనది ఎర్ర కారు, కొరియా కంపెనీది. కానీ చేసింది మద్రాసు పక్కన. మామ చెల్లెలి కొడుకు ఐటీఐ చదివి ఆ ఫ్యాక్టరీలోనే పనికి కుదిరాడు. "మావోడు బిగించిన బోల్టు దీంట్లో ఒగటన్నా ఉంటాది," అని మామ కారు తుడుస్తూ వచ్చేపోయే వాళ్ళకు చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. బస్సుల సమ్మె రోజు నన్ను పరీక్షకు కడపకు తీసుకెళ్ళింది కూడా ఆ కారులోనే. సీట్లకున్న ప్లాస్టిక్ కవర్లు ఆయన ఇంకా తీయలేదు. దారంతా అవి చేతులకు అతుక్కుంటుంటే నేను చదివింది మర్చిపోతానేమోనని భయపడుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో రాయడానికి కూర్చున్నాను. సొంతదారును బట్టి రాస్తే నాయన కారు పరదేశపు వరుసలోకి పోతుంది. తయారైన చోటును బట్టి రాస్తే అన్నీ మనవే అవుతాయి. చేసే చేతులు మనవైనప్పుడు బండి మనది కాకుండా ఎలా పోతుంది? ఇదే న్యాయమనిపించింది. నాయన కారు కూడా గట్టెక్కింది. అలాగే అన్నిటినీ మొదటి వరుసలో రాశాను.

రాసి చూస్తే పరదేశపు వరుసలో కార్లు అన్న మాట కింద ఏమీ లేదు. అంతా ఖాళీ. సబ్బుల కింద పద్నాలుగు పేర్లు, కూల్ డ్రింకుల కింద ఆరు, ఇక్కడ ఒక్కటీ లేదు. ప్రెస్సువాళ్ళు ఇదేమిటని అడుగుతారు. నాయన అసలు కాగితం తెమ్మంటాడు. నువ్వెవరు తేల్చడానికి అంటారు. ఇలా అనుకుంటూ ఉండగానే కింద నుంచి నాయన కేక వేశాడు, "అయిందా పాపా? ప్రెస్సాయన వచ్చినాడు!" ఒక్క పేరన్నా ఉండాలి. పేరులో ఎక్కడా మన వాసన లేని కారు ఒక్కటే కనిపించింది, ఆ కొరియా కంపెనీది. దాన్ని మొదటి వరుసలో కొట్టేసి రెండో వరుసలో రాశాను. మళ్ళీ చదవకుండా కాగితాలు కిందికి ఇచ్చేశాను.

కరపత్రాలు అచ్చయి వచ్చాయి. ఎవరు మెట్లెక్కినా అది అడగడానికే అనిపించేది. ఎవరూ అడగలేదు. అచ్చులో ఉంది కాబట్టి అంతా నిజమే అనుకున్నారు.

ఊరేగింపు రోజు పొద్దున కూడలిలో జీపులు, కార్లు వరుసగా నిలిచాయి. నేను మిద్దె మీద పిట్టగోడ వెనక నిలబడ్డాను. మామ తన ఎర్ర కారు కడిగి, బొట్టు పెట్టి, నాయన బండి వెనకే తెచ్చి ఆపాడు. అప్పటికే ఎవరో కరపత్రానికి మైదాపిండి పూసి సిద్ధంగా పెట్టుకున్నారు. ఆయన కారు దిగేలోపల దాన్ని ముందు అద్దానికి అంటించారు.

"ఏమప్పా, కొరియా నుంచి ఎప్పుడు దిగినావు?" అన్నాడొకాయన.

"బండికి వీసా ఉండాదా లేదా సూడండప్పా!"

అందరితో పాటు మామ కూడా నవ్వాడు. "మద్రాసు పక్కన చేసిండేదిరా ఇది. మా చెల్లెలి కొడుకు ఆడనే గదా పనిజేస్తాండేది!"

"అయితే లిస్టులో ఎందుకుండాది? హైదరాబాదోళ్ళు తెలీకనే రాసినారా?"

"పక్కకు పెట్టు మామా, కలెక్టరు సూస్తే మన పరువు పోతాది."

మామ నవ్వు ఆగిపోయింది. నాయన వైపు చూశాడు. నాయన మైకు చేతిలో పట్టుకుని ఇబ్బందిగా కదిలాడు. "లిస్టులో పడినాక మనమేం జేస్తామప్పా. నువ్వు నా బండ్లోకి రా," అన్నాడు.

ఒక్క వాక్యం చాలు. కిందికి వెళ్ళి, నాయనను పక్కకు పిలిచి, అది నేనే రాశాను, లెక్క ప్రకారం చూస్తే మన బండి కూడా ఆ వరుసలోదే అని చెప్పాలి. చెబితే అంతమందిలో నాయన మొహం ఎలా అవుతుందో కళ్ళ ముందు కనిపించింది. నాలుగు మెట్లు దిగాను. మైకులో నాయన గొంతు మొదలైంది. బండ్లు కదిలాయి.

మామ ఎవరి బండీ ఎక్కలేదు. అంగట్లోంచి తడిగుడ్డ తెచ్చి అద్దాన్ని తుడుస్తూ ఉండిపోయాడు. పిండి ఎండ వేడికి పట్టేసి ఊడి రాలేదు. గోటితో గీకాడు. తర్వాత కారు వెనక్కి తిప్పి ఇంటికి తీసుకుపోయాడు.

మూడు వారాల తర్వాత కడప బస్సులో నా పక్క సీటులో మామ కూర్చున్నాడు. కారు ఎందుకు తేలేదని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. "అమ్మేసినా పాపా. కర్నూలాయన తీసుకున్యాడు. ఆయనకు మన లిస్టు సంగతి తెలీదులే." మైదుకూరు అంగడి తమ్ముడికి అప్పగించి, కడపలో ఒక పని చూసుకుని, తాను అటునుంచే కర్నూలులో అన్న దగ్గరికి పోతున్నానన్నాడు. పోవడానికి కారణం కారేనా అని నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. అన్న ఎప్పటి నుంచో రమ్మంటున్నాడని మాత్రం అన్నాడు.

ఖాజీపేట దాటింది. చెన్నూరు దాటింది. చేతిలోని పుస్తకం అట్ట నా చెమటకు తడిసిపోయింది. కడప బస్టాండులోకి బస్సు తిరుగుతుండగా చివరికి నోరు తెరిచాను. "మామా, ఆ లిస్టు..." అన్నాను.

ఆయన సంచి భుజానికి తగిలించుకుని లేచి నిలబడ్డాడు. దిగబోతూ ఆయన నాతో అన్న ఆఖరి మాట ఇది, ఆ తర్వాత ఆయనను నేను మళ్ళీ చూడలేదు.

"అదే పాపా, నువ్వు పేపర్లు శానా చదువుతావు గదా. ఆ లిస్టు రాసినాయన ఎవరో ఎప్పుడన్నా తెలిస్తే నాకు చెప్పు. కొట్లాడనులే. ఒగసారి మా చెల్లెలి కొడుకు పనిజేసే చోటికి పిల్చుకపోయి సూపిస్తా, అంతే."